లూథరు నేర్చుకొన్న విశ్రాంతి

మార్టిన్ లూథరు పేరు వినగానే 1517లో 95 వాదములు వ్రాసి రోమా సంఘమును కదలించిన మనిషి జ్ఞాపకము వచ్చును. ఆయన తీరికగా కూర్చుండుట నేర్చుకొన్న సంగతి చాలమంది యెరుగరు. ఆ పాఠము ఆయనకు సులువుగా అబ్బలేదు సుమా!

1505లో ఎర్ఫర్టు మఠములో చేరిన నాటినుండి ఆయన తన్ను తాను నలుగగొట్టుకొనెను. ఉపవాసములు, జాగరణలు, చలిలో కప్పుకొనక పడుకొనుటలు. ఏ తప్పు మిగిలిపోయెనో యని గంటలకొలది ఒప్పుకోలు చేయుచుండగా, పెద్దయైన స్టౌపిట్సు సైతము విసిగెను. విట్టెన్‌బర్గులో ఉపాధ్యాయుడై పనులు పెరిగిన పిమ్మట, వారములో తప్పిపోయిన మఠప్రార్థనలను అప్పువలె లెక్కవేసి, శనివారము తలుపు వేసికొని, అన్నపానములు మాని తీర్చుచుండెను. తల తిరిగెడిది, నిద్ర పట్టెడిది కాదు. షావుకారునకు వడ్డీ కట్టు రైతు బ్రదుకు మనకు తెలియును గదా. లూథరు దేవునియెదుట అట్లే బ్రదికెను. కృపను బోధింప మొదలిడిన తరువాత కూడ ఈ లెక్కలు కొంతకాలము విడువలేదు. బోధ నోటికి ముందు వచ్చెను, ఒంటికి తరువాత వచ్చెను.

1525లో కత్తరీనాను పెండ్లాడుటకు ముందు ఏడాదిపాటు ఆయన పడక దులిపినవారు లేరు. అలసి దానిమీదనే కూలెడివాడు. పెండ్లియైన పిమ్మట తోట వేసెను, బావి త్రవ్వించెను, న్యూరెంబర్గునుండి విత్తనములు తెప్పించెను, తరిమెనపై కొయ్యపని నేర్చెను. భోజనానంతరము వీణవంటి వాద్యము మీటుచు ఇంటివారితో పాడెడివాడు. ఆరు దినములు పాటుపడియు, ఆదివారము మధ్యాహ్నము అరుగుమీద కూర్చుండుటకు జంకువారు మనలో కలరు. నేనును వారిలో ఒకడనే. బదరీవృక్షము క్రింద సొలసిన ఏలీయాకు దేవుడు ముందుగా ఇచ్చినవి నిద్రయు రొట్టెయు నీళ్లును.

కోపము మాత్రము లూథరును చివరివరకు వదలలేదు. 1543లో యూదులనుగూర్చి ఆయన వ్రాసిన క్రూరమైన వ్రాతలు నేటికిని సంఘమునకు సిగ్గు.

1530లో ఆగ్సుబర్గు సభలో విశ్వాస ప్రమాణము చక్రవర్తి యెదుట చదువబడినప్పుడు, బహిష్కృతుడైన లూథరు అక్కడికి పోరాక కోబర్గు కోటలో నుండెను. తండ్రి మరణవార్త అక్కడనే వచ్చెను. తలలో హోరు, చదువు సాగదు. సభలో స్నేహితుడు మెలాంక్తోను దిగులుతో కృశించుచుండగా, ఆ దిగులు మానుమని ఉత్తరముమీద ఉత్తరము వ్రాసెను. కిటికీ యెదుట కాకుల గోల విని, అదియు ఒక రాజసభయే యని హాస్యమాడెను. ఆ దినములలోనే నాలుగేండ్ల కుమారుడు హాన్సుకు ఒక తోటనుగూర్చి వ్రాసెను. అందులో బంగారు కళ్లెముల చిన్న గుఱ్ఱములు, చెట్లక్రింద పండ్లు ఏరుకొను పిల్లలు. బాగుగా ప్రార్థించి చదువుకొన్నచో హాన్సు కూడ రావచ్చును. తల్లి మేనత్తయైన లేనను తోడు తెచ్చుకొనుటకును సెలవు కలదు.