ఫ్రిట్జ్ హేబర్

రసాయన సమీకరణమును సరిగా వ్రాసినంతనే లెక్క ముగిసినదని మన విద్యార్థులు పలువురు తలంతురు. 28 పాళ్ళ నత్రజనియు 6 పాళ్ళ ఉదజనియు కలిసిన 34 పాళ్ళ అమ్మోనియా రావలెను. కాగితముపై నిది నిజమే. యంత్రములో నెంత వచ్చునో తేల్చినవాడు ఫ్రిట్జ్ హేబర్.

ఆయన 1868 డిసెంబరు 9వ తేదీన, నేడు పోలెండులో చేరియున్న బ్రెస్లావు నగరమున, యూదు కుటుంబమునందు జన్మించెను. పుట్టిన కొలది దినములకే తల్లి గతించెను. తండ్రి రంగుల వర్తకుడు. 1894లో హేబర్ జర్మనీయందలి కార్ల్స్‌రూహె సాంకేతిక విద్యాలయమున చేరెను.

ఆ కాలమున ఐరోపా రైతులు నత్రజని ఎరువునకై చిలీ దేశపు సురేకారముపై ఆధారపడి యుండిరి. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే యైనను దానిని పట్టుట దుర్లభము. హేబర్ 1904, 1905 సంవత్సరములలో ఇనుమును తోడుచేసి, ఆ రెండు వాయువులను సుమారు 1000 డిగ్రీలకు వేడిచేసి చూచెను. పదివేల పాళ్ళలో అమ్మోనియా ఇంచుమించు ఒక పాలు! ఆ అంకెయు హెచ్చేయని 1907లో వాల్తేర్ నెర్న్‌స్ట్ సభాముఖమున ఆక్షేపించెను. హేబర్ మిక్కిలి నొచ్చుకొనెను. అయినను రాబర్ట్ లె రొసిన్యోల్ అను సహచరునితో గూడి, 30 వాతావరణముల పీడనమున మరల కొలిచెను. ఫలము తక్కువేయని తేలినది గాని, పీడనమునకు లోనైన వాయువులను నడుపు నేర్పు ఆయనకు చేకూరెను. మా దృష్టిలో ఆ వివాదము ఆయనకు మేలే చేసినది.

ఇచట కొంచెము నిదానింతము. ఒక ఘనపరిమాణము నత్రజని, మూడు ఉదజని కలిసి రెండే ఘనపరిమాణముల అమ్మోనియా యగును. కావున పీడనము పెంచిన ఫలము పెరుగును. చర్య వేడిని వెలువరించునది గనుక ఉష్ణోగ్రత తగ్గినకొలది సమతాస్థితిలో అమ్మోనియా అధికమగును. కాని మరీ తగ్గినచో చర్యయే సాగదు. ఉత్ప్రేరకము వేగమును పెంచునే గాని సమతాస్థితిని కదల్పజాలదు. హేబర్ ఆస్మియమును ఉత్ప్రేరకముగా గైకొని, సుమారు 200 వాతావరణముల పీడనమును వాడెను. ఏర్పడిన అమ్మోనియాను చల్లార్చి ద్రవముగా తీసివేసి, మిగిలిన వాయువులను మరల మరల త్రిప్పెను. ఒక్క మారునకు వచ్చునది నూటికి కొలది పాళ్ళే యైనను ఏదియు వృథా పోదు. ఈ త్రిప్పుటయే మాకు మిక్కిలి నచ్చిన యుక్తి.

1909 జూలైలో ఆ యంత్రము ఫలించెను. కార్ల్ బాష్ దానిని కర్మాగారముగా పెంచెను. మిట్టాష్ చౌకయైన ఇనుప ఉత్ప్రేరకమును కనుగొనెను. 1913లో ఓపావున ఉత్పత్తి మొదలయ్యెను.

మరుసటి యేటనే యుద్ధము వచ్చెను. ఎరువు కావలసిన అమ్మోనియా ప్రేలుడు పదార్థములకు మరలెను. 1915 ఏప్రిల్ 22వ తేదీన ఈప్ర్ వద్ద క్లోరిను విషవాయువును విడిపించిన కార్యమునకు సూత్రధారి హేబరే. దీనిని దాచి ఆయన చరిత్ర వ్రాయుట తగదు. రసాయన శాస్త్రమున పట్టభద్రురాలైన ఆయన భార్య క్లారా మే 2వ తేదీన ఆత్మహత్య చేసికొనెను. 1918 సంవత్సరపు నోబెల్ బహుమానము ఆయనకు లభించినపుడు పలువురు నిరసించిరి.

అటుపిమ్మట దేశపు యుద్ధఋణము తీర్చుటకు సముద్రజలమునుండి బంగారము తీయనెంచి కొన్నియేండ్లు శ్రమించెను. ఆశించినదానిలో సుమారు వేయవ వంతే యున్నదని తన కొలతలవలననే తెలిసికొని విరమించెను.

1933లో నాజీలు యూదు ఉద్యోగులను తొలగింపుమనగా, పదవి వీడి దేశము విడిచెను. 1934 జనవరి 29వ తేదీన స్విట్జర్లండులోని బాసెల్ నగరమున మరణించెను. ఆయన కోరిక మేరకు క్లారా అస్థికలను తెచ్చి ఆయన ప్రక్కనే యుంచిరి.