బాబాసాహెబ్ అంబేద్కర్ – హిందూ కోడ్ బిల్లు

స్వతంత్ర భారతదేశపు తొలి న్యాయశాఖామంత్రి డాక్టర్ భీమరావ్ రాంజీ అంబేద్కర్ రాజ్యాంగ రచనకు సారథ్యము వహించిన మేధావిగా ఎల్లరకును తెలిసినవాడే. రాజ్యాంగ రచన జరుగుచున్న ఆ సంవత్సరములలోనే ఆయన మఱియొక గొప్ప శాసనము కొఱకు సభలో నిలిచి వాదించెను. అదియే హిందూ కోడ్ బిల్లు. రాజ్యాంగములో వ్రాసికొన్న సమత్వము ఇంటి గడప దాటి లోనికి రానిచో ప్రయోజనము లేదని నమ్మిన ఆ మహనీయుని జీవితములో ఇది మిక్కిలి ముఖ్యమైన ఘట్టము.

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14వ తేదీన మధ్యభారతమందలి మౌ సైనిక స్థావరమున జన్మించెను. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యములో సుబేదారు, తల్లి భీమాబాయి. అస్పృశ్యులుగా ఎంచబడిన మహర్ కులమున పుట్టుటచే, పాఠశాలలో ఆ బాలుడు ఇంటినుండి తెచ్చుకొన్న గోనెపట్టాపై వేఱుగా కూర్చుండి చదువవలసి వచ్చెను. దాహమైనను కుళాయిని తాకరాదు. బంట్రోతు వచ్చి తిప్పిననే నీరు, బంట్రోతు లేనినాడు నీరు లేదు. బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడ్ ఇచ్చిన విద్యార్థివేతనముతో 1913లో అమెరికా వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయమునను, పిమ్మట లండనునందును అర్థశాస్త్ర న్యాయశాస్త్రములు అభ్యసించి, 1923లో స్వదేశమునకు తిరిగివచ్చెను. 1927లో మహద్ పట్టణమున చౌదార్ చెఱువు నీటిని త్రాగు హక్కు కొఱకు వేలాది జనమును నడిపించెను. 1928లో బొంబాయి శాసనమండలిలో కార్మిక స్త్రీల ప్రసూతి సహాయమునకై వచ్చిన బిల్లును సమర్థించెను. స్త్రీల కష్టమును శాసనముతో తీర్పవలెనను ఆలోచన ఆయనకు పదవితో వచ్చినది కాదని దీనివలన తెలియుచున్నది.

1947 ఆగస్టు 15న జవహర్‌లాల్ నెహ్రూ మంత్రివర్గమున ఆయన న్యాయశాఖను స్వీకరించెను. రెండు వారములు గడచులోపలనే రాజ్యాంగ ముసాయిదా సంఘమునకు అధ్యక్షుడయ్యెను. నాడు రాజ్యాంగసభయే శాసనసభగా కూడ పనిచేయుచుండెను. హిందూ ధర్మశాస్త్ర సంస్కరణమునకై సర్ బెనెగల్ నరసింగరావు అధ్యక్షతన 1941లో ఏర్పడిన సంఘము అప్పటికే ఒక ముసాయిదాను సిద్ధపఱచియుండెను. 1948లో ఆ ముసాయిదా అంబేద్కర్ అధ్యక్షతగల సెలక్టు కమిటీ చేతికి వచ్చెను.

అప్పటి న్యాయమెట్లుండెనో తెలిసికొన్ననే ఆ బిల్లు విలువ బోధపడును. తెలుగుదేశముతో కూడ భారతదేశమున అధిక భాగము మితాక్షరమును అనుసరించుచుండెను. దాని ప్రకారము ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారునకు పుట్టుకతోనే హక్కు కలుగును. కుమార్తెకు అట్టి హక్కు లేదు. 1937 నాటి చట్టము వితంతువునకు భర్త వాటాను ఇచ్చినను అది ఆమె జీవితకాలము వఱకే. ఆమె అనుభవింపవచ్చును గాని స్వేచ్ఛగా అమ్ముకొనజాలదు. ఆమె గతించిన పిమ్మట ఆ ఆస్తి భర్త వారసులకే చేరును. పురుషుడు ఒక భార్య యుండగానే మఱియొకతెను వివాహమాడవచ్చును. దానిని నిషేధించు చట్టములు బొంబాయిలో 1946లోను, మద్రాసు రాష్ట్రమున 1949లోను వచ్చెను గాని దేశమంతటికి అట్టి చట్టము లేకుండెను.

అంబేద్కర్ తెచ్చిన బిల్లు ఏకపత్నీత్వమును విధించెను. తగిన కారణములున్నచో భార్యాభర్తలిరువురకును విడాకుల హక్కునిచ్చెను. వివాహమునకు కులభేదము అడ్డుకారాదనెను. స్త్రీకి సంక్రమించిన ఆస్తిపై సంపూర్ణాధికారము కల్పించెను. నరసింగరావు సంఘము కుమార్తెకు కుమారుని వాటాలో సగము సూచింపగా, సెలక్టు కమిటీ దానిని కుమారునితో సమాన వాటాగా మార్చెను.

1949 ఫిబ్రవరిలో చర్చ ప్రారంభమయ్యెను. కుటుంబములు చీలిపోవుననియు, భూములు ముక్కలగుననియు, ధర్మము చెడుననియు పలువురు సభ్యులు వాదించిరి. నజీరుద్దీన్ అహమ్మద్ వంటివారు సవరణపై సవరణ ప్రతిపాదించి కాలము గడపిరి. సభ వెలుపల కర్పాత్రీ స్వామి మొదలగువారు నిరసనలు నడిపిరి. బాబూ రాజేంద్రప్రసాద్ కూడ, ఎన్నికలలో ప్రజల తీర్పు పొందకుండ ఇట్టి మార్పు చేయరాదని ప్రధానికి వ్రాసెను.

అంబేద్కర్ కోపముతో గాక శాస్త్రముతో బదులు చెప్పెను. 1927లో మనుస్మృతిని దహింపజేసిన ఆయనయే సభలో స్మృతులను విప్పి చూపెను. విడాకులకు కౌటిల్యుని యందును పరాశరస్మృతి యందును ఆధారములున్నవని తెలిపెను. శ్రామిక కులములలో ఆచారరీత్యా విడాకులు తరతరములుగా నుండగా, అది హిందూధర్మమునకు పరాయిదెట్లగునని ప్రశ్నించెను. ఆస్తి విషయమున బెంగాలులోని దాయభాగ పద్ధతిని ఉదాహరించెను. దేశమున నిదివఱకే అక్కడక్కడ నున్న న్యాయమును ఏరి అందఱకును ఒక్కటిగా చేయుటయే తన పనియని ఆయన వాదసారము. రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి సభలో ఈ బిల్లును సమర్థించెను. ఎనిమిదవ యేటనే వివాహమై, పెద్దదైన పిమ్మట ఆ బంధమును వదలుకొన్న ఆమెకు ఇది కేవలము శాస్త్రచర్చ కాదు.

తొలుత ప్రధాని నెహ్రూ బిల్లును గట్టిగా బలపఱచెను. కాని సాధారణ ఎన్నికలు సమీపించుకొలది పాలకపక్షములోనే వెనుకంజ ఆరంభమయ్యెను. మధుమేహముతోను, కాళ్ళ నొప్పులతోను బాధపడుచున్న అంబేద్కర్ 1951 ఆగస్టు 10న ప్రధానికి లేఖ వ్రాసి, తాను వైద్యుల చేతికి పోకముందే బిల్లును ముగింపవలెనని కోరెను. సెప్టెంబరులో చర్చ తిరిగి మొదలయ్యెను. వివాహభాగము మాత్రమైనను దక్కునని ఆశించిరి. నాలుగు క్లాజులు ఆమోదము పొందిన పిమ్మట మొత్తము బిల్లు విడువబడెను.

సెప్టెంబరు 27న అంబేద్కర్ రాజీనామా సమర్పించెను. షెడ్యూల్డు కులముల పట్ల ఉపేక్ష, విదేశాంగ విధానము మున్నగు కారణములు కూడ ఆయనకుండెను. హిందూ కోడ్ బిల్లును విడుచుటయే తుది కారణమయ్యెను. అక్టోబరులో తన ప్రకటనను సభలో చదువబోగా, ఉపసభాపతి మాడభూషి అనంతశయనం అయ్యంగారు ప్రతిని ముందుగా నిమ్మని కోరిరి. అందుల కంగీకరింపక అంబేద్కర్ సభను వీడి, ప్రకటనను పత్రికల కిచ్చెను. 1952 ఎన్నికలలో ఓడిపోయి, రాజ్యసభ సభ్యుడయ్యెను.

ఆయన విత్తిన విత్తనము వ్యర్థము కాలేదు. ఆ ఒక్క బిల్లే నాలుగు చట్టములుగా మఱల వచ్చెను. 1955లో వివాహచట్టము, 1956లో వారసత్వము, మైనర్ల సంరక్షణ, దత్తత–మనోవర్తి చట్టములు వెలసినవి. వివాహ, వారసత్వ చట్టముల రెండవ సెక్షనులు వీరశైవులను, లింగాయతులను పేరుపెట్టి చెప్పుచున్నవి. కావున అంబేద్కర్ చేసిన వాదము వీరశైవ గృహములలోని ఆడబిడ్డలకును సంబంధించినదే. వారసత్వ చట్టము అమలునకు వచ్చిన ఆఱు నెలలలోపలనే, 1956 డిసెంబరు 6న ఆయన ఢిల్లీలో దివంగతుడయ్యెను.

అయితే ఆ చట్టము తండ్రి వాటాలో కుమార్తెకు భాగమిచ్చినను, ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చు హక్కును కుమారులకే మిగిల్చెను. ఆ లోపమును పూరించుటకు కుమార్తెను కూడ సమాన దాయాదిగా చేసిన మొదటి రాష్ట్రము ఆంధ్రప్రదేశ్. 1986 నాటి ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించెను. అంతకుముందే పెండ్లియైన కుమార్తెలకు మాత్రము వర్తింపలేదు. 2005లో కేంద్రచట్టము దేశమంతట కుమార్తెల కందఱకును ఆ హక్కునిచ్చెను. సవరణనాటికి తండ్రి జీవించియుండ నక్కఱలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చెను. 1951లో సభ విడిచిపెట్టినది పూర్తిగా చేతికి వచ్చుటకు ఇంచుమించు డెబ్బది సంవత్సరములు పట్టెను.

చట్టము వచ్చినను ఆచారము త్వరగా కదలదు. పెండ్లినాడు పసుపుకుంకుమల క్రింద కొంత ఇచ్చితిమి గదా యని, పంపకపు నాడు ఆడబిడ్డచేత హక్కు విడుదల పత్రముపై సంతకము చేయించుకొను ఇండ్లు నేటికిని కలవు. పుట్టింటి రాకపోకలు తెగునేమో యను భయముతో ఆమె మాఱుమాటాడక సంతకము చేయును. అన్నదమ్ములు తామై తోబుట్టువు వాటాను లెక్కించి చేతికిచ్చిన ఇంట అంబేద్కర్ కోరినది నెఱవేఱినట్లు. అది ఇంటిపెద్దల చేతిలోని పని.