జంట జలాశయాల రూపశిల్పి మోక్షగుండం విశ్వేశ్వరయ్య

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాద్ నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15 వేల మంది ప్రాణాలు కోల్పోయినట్లు అంచనా. అఫ్జల్‌గంజ్ పరిసరాలలో వీధులకు వీధులే తుడిచిపెట్టుకుపోయాయి. ఇటువంటి విపత్తు పునరావృతం కాకుండా ఉపాయం సూచించవలసిందిగా ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఆహ్వానించిన ఇంజనీరే మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన పూర్వీకులది నేటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం గ్రామం. జననం మైసూరు రాజ్యంలోని ముద్దేనహళ్ళిలో. చిన్న వయసులోనే తండ్రిని కోల్పోయి, పిల్లలకు పాఠాలు చెబుతూ బెంగళూరులో బి.ఏ. పూర్తి చేశారు. పుణెలో ఇంజనీరింగ్ చదివి 1884లో బొంబాయి ప్రభుత్వ సేవలో చేరారు. 1903లో ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన స్వయంచాలక తలుపులు ఎంతో పేరు తెచ్చాయి. ఆ కొలువుకు స్వస్తి చెప్పి విదేశీ పర్యటనలో ఉండగా హైదరాబాద్ నుంచి పిలుపు అందింది.

1909 ఏప్రిల్‌లో నగరానికి చేరిన విశ్వేశ్వరయ్య నది ఒడ్డునే కూర్చుండిపోలేదు. వాన ఎక్కడ కురిసింది, నీరు ఏ దారిన వచ్చింది అన్న ప్రశ్నతో ఎగువ ప్రాంతాల లెక్కలు సేకరించారు. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వర్షం పడినట్లు తేలింది. నగరానికి ఎగువన ఉన్న 788 చెరువులలో, అనగా చదరపు మైలుకు దాదాపు ఒక చెరువు చొప్పున ఉన్న వాటిలో, 221 తెగిపోయాయి. ఒక చెరువు గండి పడితే ఆ నీరు దిగువ చెరువు కట్టపై పడుతుంది. అది తెగితే తరువాతి దానిపై పడుతుంది. నగరాన్ని ముంచినది వాన ఒక్కటే కాదు, నిలువలేకపోయిన కట్టలు కూడా.

నదికి ఇరువైపులా గోడలు ఎత్తు చేసినంత మాత్రాన చాలదని, వరదను ఎగువనే పట్టి నిలపాలని ఆయన నిశ్చయించారు. మూసీపైన, దాని ఉపనది ఈసీపైన రెండు జలాశయాలు నిర్మించాలని 1909 అక్టోబరులో నివేదిక సమర్పించారు. ఆ ప్రకారం ఏడవ నిజాం పాలనలో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

నగరపు మురుగునీటి పారుదలకు కూడా ఆయన పథకం రూపొందించారు. జంట జలాశయాలకు దక్కిన ఖ్యాతి దానికి దక్కలేదు. నేల కింద జరిగే పనికి ప్రారంభోత్సవ శోభ తక్కువ కదా! ఈ పనుల విషయమై 1922లో ఆయన మరల హైదరాబాద్ రావలసి వచ్చింది.

1909 నవంబరులో మైసూరు చీఫ్ ఇంజనీరుగా, అనంతరం దివానుగా బాధ్యతలు చేపట్టిన విశ్వేశ్వరయ్య 1955లో భారతరత్న అందుకున్నారు. 1962 ఏప్రిల్‌లో శతాధిక వృద్ధునిగా కన్నుమూశారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటోంది.

కొత్త కట్టడాల ఆవరణలో పడిన వాననీటిని అక్కడే ఇంకింపజేసే ఏర్పాట్లకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం చోటు కల్పించింది. నేలంతా సిమెంటుతో కప్పివేస్తే కురిసిన నీరు ఒక్కసారిగా నాలాలపైకి ఉరుకుతుందన్నదే దీని వెనుక ఉన్న కారణం. 2020 అక్టోబరు వర్షాలలో హిమాయత్‌సాగర్ తలుపులు ఎత్తి నీటిని క్రమంగా వదలగలిగారు. ఆ దినాలలోనే పాతబస్తీ దక్షిణాన పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి, మూసీకి దూరంగా ఉన్న కాలనీలు నీట మునిగాయి.