ఒంటిచేత్తో నాటకమాడిన అజ్జాడ దాసుగారు

నాటకానికి పది మంది నటులు కావాలి, తెరలు కావాలి, కిరీటాలు కావాలి. హరికథకు ఒక్క మనిషి చాలు. మెడలో పూలదండ, కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు. రాజూ అతడే, రాణీ అతడే, మధ్యలో వచ్చే పిసినారి షావుకారూ అతడే. ఈ విద్యకు తెలుగునాట ఒక రూపు దిద్ది హరికథా పితామహుడు అనిపించుకున్న ఆదిభట్ల నారాయణదాసుగారు మన ప్రాంతం వారే.

బొబ్బిలికి చేరువలోని అజ్జాడ గ్రామంలో 1864 ఆగస్టు 31న ఆయన జన్మించారు. తండ్రి వేంకటచయనులు, తల్లి నరసమ్మ. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. అక్షరాలు రాకముందే తల్లి నోట విని భాగవత పద్యాలు కంఠస్థం చేశారని చెబుతారు. ఆ తర్వాత అన్నగారి వద్ద ఉండి విజయనగరంలో ఇంగ్లీషు చదువు చదివారు.

1883లో చెన్నపట్నం నుంచి కుప్పుస్వామి నాయుడుగారు విజయనగరం వచ్చి హరికథ చెప్పారు. కుర్రవాడు అది చూశాడు. చూసి ఊరుకోలేదు. ఆ ఏడే ధ్రువ చరిత్ర స్వయంగా రాసుకుని గజ్జె కట్టాడు. పంతొమ్మిదేళ్ల వయసు! ఇంగ్లీషు చదివిన కుర్రవాడు సర్కారు కొలువు చూసుకోకుండా చిడతలు పట్టడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు.

అప్పటికి సంఘం వేగంగా మారుతున్నది. కోర్టులు, ప్లీడర్లు, ఇంగ్లీషు చదువులు, కొత్త వేషాలు వచ్చాయి. పాత డాబు మాత్రం పోలేదు. హరికథలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, పురాణం మధ్యలో కథను ఆపి పిట్టకథ ఎత్తుకోవచ్చు. దేవుడి కథ వినడానికి వచ్చిన పెద్దమనిషి తన గుట్టే పందిట్లో బయటపడుతుంటే లేచిపోనూ లేడు, కోప్పడనూ లేడు. పదిమందితో కలిసి నవ్వవలసిందే. దాసుగారికి వ్యంగ్యం మీద ఎంత మక్కువంటే, హరికథలు చాలవన్నట్టు ‘దంభపుర ప్రహసనం’ అనే రూపకం కూడా రాశారు. బాణం ఎవరి మీదికో ఆ పేరే చెబుతుంది.

సంగీతంలో ఆయనది అసాధ్యమైన పట్టు. రెండు చేతులు, రెండు కాళ్లు, శిరస్సుతో అయిదు తాళాలు ఒకేసారి చూపేవారు. గురజాడవారిని ఆదరించిన ఆనంద గజపతి మహారాజే దాసుగారినీ ఆదరించారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాలు దాసుగారే. ద్వారం వేంకటస్వామి నాయుడుగారు అక్కడ ఫిడేలు ఆచార్యులు. 1936లో ఆ పదవి ద్వారంవారికి దక్కింది.

పారసీ నేర్చి ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి మార్చారు. అది 1932లో అచ్చయింది. అచ్చతెలుగు మీద ఆయన పట్టుదల కొన్నిచోట్ల చదువరికి కొరుకుడు పడదు, ఆ మాట ఒప్పుకోక తప్పదు. పందిట్లో మాత్రం పామరుడికీ అందేవారు. స్వీయచరిత్రకు ‘నా యెరుక’ అని పేరు పెట్టుకున్నారు.

దాసుగారు 1945 జనవరి 2న కన్నుమూశారు. ఆయన పుట్టిన అజ్జాడ 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది.