అఘోరనాథ చట్టోపాధ్యాయులవారి జీవితము

యువజనులు త్రోవ తప్పుచున్నారని పెద్దలు వాపోవుట నేటి మాట కాదు. న్యాయవాద వృత్తియందున్న మేము నాంపల్లి న్యాయస్థానముల వరండాలలో నూనూగు మీసముల యువకులను, వారి వెనుక కొంగుతో కన్నులద్దుకొను తల్లులను తఱచుగా చూచుచున్నాము. ఆ యువకుడు చేసినదేమో అచ్చట విచారింపబడును. అంతకు పూర్వము సాయంకాలములయందు అతని చేతులకు మంచి పని యెవరైన చూపిరా యను ప్రశ్న మాత్ర మరుదుగా పుట్టును. ఆ ప్రశ్నకు తమ జీవితముచేత ఉత్తరము చెప్పిన మహనీయు లొకరు అచ్చటికి అనతిదూరముననే నివసించిరి. వారి చరిత్రము తెలిసికొనుట మన యందఱికిని మేలు.

అఘోరనాథులవారు 1851వ సంవత్సరమున తూర్పు వంగదేశమునందలి విక్రమపుర ప్రాంతమున, సంస్కృత పాండిత్యమునకు పేరొందిన బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. కలకత్తాలో చదువుచున్న కాలముననే బ్రహ్మసమాజ ధర్మము వారి హృదయము నాకర్షించెను. ఆ దినములలో కేశవచంద్రసేనులవారు ధర్మమనగా ఉపాసనామందిరమున కన్నులు మూసికొనుట మాత్రమే కాదని యెఱిగి, 1870లో పనివాండ్రకొఱకు పారిశ్రామిక పాఠశాల నెలకొల్పి వడ్రంగము, కుట్టుపని, గడియారముల మరమ్మతు మొదలగునవి నేర్పించుచుండిరి. చేతికి పని గలవానికి కల్లంగడి త్రోవ దూరమగునని వారి నమ్మకము. అఘోరనాథులవారు ఈ గాలి పీల్చి పెరిగినవారు. గిల్‌క్రిస్టు విద్యార్థివేతనమును సంపాదించి వారు ఎడింబరో నగరమునకు పోయినప్పుడు తమ ధర్మపత్ని వరదసుందరీదేవిని కేశవుల భారతాశ్రమమున విద్యాభ్యాసమునకై యుంచిరి. తాను చదివి భార్యను చీకటిలో నుంచు విద్యావంతులు నిండియున్న కాలమది. 1877లో వారు విజ్ఞానశాస్త్రమునందు డాక్టరు పట్టము నొందిరి.

మఱుసటి సంవత్సరమున వారు హైదరాబాదునకు వచ్చి ఆంగ్లవిద్య నేర్పు కళాశాల నారంభించిరి. అదియే తరువాత 1887లో నిజాం కళాశాలగా రూపొందినది. ఈ సంస్థానమున నూతన విద్యకు వారు వేసిన పునాది యెల్లరు నెఱిగినదే. అయినను మేమీ పుటలలో చెప్పదలచినది వారి గృహమును గూర్చి. నాంపల్లి స్టేషను మార్గమున ఆబిడ్సు సమీపమునగల ఆ గృహమునకు, కుమార్తె సరోజినీదేవి 1905లో ప్రకటించిన తొలి కవితాసంపుటము పేరే నిలిచి గోల్డెన్ త్రెషోల్డ్, అనగా బంగారు గడప, యని వ్యవహారము గలిగెను.

ఆ యింటి తోటలో ప్రతిదినమును కొలువు తీరెడిది. పండితులు, రాజులు, ఫకీరులు, భిక్షుకులు, తుదకు దుర్మార్గులని పేరుపడ్డవారును ఒక్కచో కూర్చుండెడివారు. హిందువనియు మహమ్మదీయుడనియు భేదము లేకుండెను. ఇంటిలో రసవాద ప్రయోగములు రేయింబవళ్లు సాగుచుండెను. వానివలన బంగారము పుట్టలేదు. కాని తండ్రి తాను తలపెట్టిన పనియందు మునిగి, తప్పి, మరల యత్నించుటను బిడ్డలు దినదినమును చూచుచుండిరి. చేయవలదనెడి మాటలు వేయి చెప్పుటకంటె చేయుచున్న పనిని చూపుట బిడ్డల మనస్సున లోతుగా నాటునని మాకు తోచుచున్నది.

అఘోరనాథులవారును దండనోపాయము నెఱుగనివారు కారు. సరోజినికి తొమ్మిదేండ్ల ప్రాయమున, ఆంగ్లము మాటలాడనని మొండికెత్తినందుకు ఆమెను ఒక దినమంతయు గదిలో ఒంటరిగా బంధించిరి. బాలిక ఆంగ్లము మాటలాడుచునే వెలుపలికి వచ్చెను. ఇది చూచి దండనమే విద్యకు మార్గమనువారు తరువాతి కథను గూడ వినవలెను. ఆమె గణితమునందో విజ్ఞానమునందో ప్రవీణురాలు కావలెనని తండ్రి కోరిక. పదునొకండేండ్ల వయస్సున బీజగణితపు లెక్క యొకటి తేలక నిట్టూర్చుచుండగా, లెక్కకు మారుగా పద్యమొకటి సంపూర్ణముగా ఆమె మనస్సున పుట్టెను. ఆ కవితాధారను తండ్రి తన కోరికకు బలియీయలేదు. 1895లో నిజాము ప్రభువుల వేతనముతో ఆమె ఇంగ్లాండునకు పోయెను. 1898లో ఆమెకును డాక్టరు గోవిందరాజులు నాయుడుగారికిని చెన్నపట్టణమున వర్ణాంతర వివాహము జరుగగా, మన కందుకూరి వీరేశలింగము పంతులుగారే దానిని జరిపించిరి. కుమారుడు హరీంద్రనాథుడు కవియై, నటుడై, 1952లో విజయవాడ ప్రజలచే లోకసభకు ఎన్నుకోబడెను.

ఇచ్చట నొక ఆక్షేపణ కలుగవచ్చును. ఆ యింటివారు ఆపదలనుండి తప్పించుకొనిరా? 1883లో చాందా రైలుమార్గపు ఒడంబడిక సంగతులను ప్రజలకు తెలుపవలెనని కోరినందుకు అఘోరనాథులవారే సంస్థానమునుండి వెడలగొట్టబడి, కొన్ని సంవత్సరములకుగాని మరల రాలేదు. కుమారుడు వీరేంద్రనాథుడు విదేశములలో స్వాతంత్ర్యమునకై విప్లవోద్యమమున దిగి, స్వదేశమునకు తిరిగి రాకయే, 1937లో సోవియట్ దేశమున మరణదండన పాలయ్యెను. సరోజినీదేవి పలుమారులు చెరసాల కేగెను. ఈ ఆక్షేపణను మేము త్రోసివేయము. కళయు విద్యయు పిల్లలకు కట్టు రక్షరేకులు కావు. వానిని నేర్చినవాడు మనము చెప్పినట్లే నడచునని పూచీ పడజాలము. సోమరితనమువలనను దుస్సాంగత్యమువలనను వచ్చు పతనము వేఱు, నమ్మినదానికై తెలిసి వరించిన కష్టము వేఱు. మొదటిదానిలో మనుష్యుడు కొట్టుకొనిపోవును. రెండవదానిలో తన కాళ్లపై నిలిచియుండును. బిడ్డకు నిలుచు బలము నిచ్చిన తండ్రి, ఆ బిడ్డ తాను కోరని చోట నిలిచినప్పుడు దుఃఖమును గూడ సహింపవలసియుండును. ఈ వెల చెల్లించుటకు వెఱచియే మనలో పెక్కండ్రు తలుపులు మూయుచున్నారు.

అఘోరనాథులవారు తుదకు కలకత్తా చేరి 1915 జనవరిలో పరమపదించిరి. వారి మనుమరాలు పద్మజానాయుడుగారివలన ఆ గృహము 1975లో హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు దానముగా వచ్చెను. తరువాత కొన్ని సంవత్సరములు నాటకము, నృత్యము, చిత్రలేఖనము అచ్చట యువజనులకు నేర్పబడెను. పూర్వము తోటలో కొలువు తీరిన చోట ఈ విద్యలు వెలయుట ఎంతయు తగియున్నది.

సోదరులారా, అట్టి గృహము మనకు లేదని నిరుత్సాహపడ పనిలేదు. ఆదివారము ఆబిడ్సు కాలిబాటలపై పాతపుస్తకములు కొలది రూకలకే దొరకును. మీ వీథిలోని వడ్రంగియు, దర్జీయు, తబలా వాయించు వృద్ధుడును అడిగినచో ఒక గంట నేర్పకపోరు. వారములో రెండు సాయంకాలములు మీ చావడి తలుపు తెఱచి, మీ బిడ్డతోడ ఇరుగుపొరుగు బిడ్డలను గూడ పిలువుడు. కులమేదని అడుగకుడు. ఇంతకుముందు ఒకమారు తప్పుచేసిన వాడేని వానిని ముందుగా పిలువుడు. బంగారు గడపకు ఆ పేరు తగుట ఎవ్వరినీ వెలుపల నిలుపకపోవుటవలననే. సర్వజనకుడైన పరమేశ్వరుడు మన గడపలకును ఆ భాగ్యము నొసంగుగాక.