చిన్న గదిలో పుట్టిన చిరు తరంగం: జగదీశ్ చంద్ర బోస్

2023 డిసెంబరులో సూరత్‌లో ప్రారంభమైన డైమండ్ బోర్స్ భవనంలో నాలుగు వేలకు పైగా కార్యాలయాలు ఉన్నాయి. అంతటి కట్టడాల లోపల ఉపగ్రహ సంకేతాలు బలహీనపడతాయి. మనిషి ఏ అంతస్తులో, ఏ గదిలో ఉన్నాడో ఫోను సరిగా చెప్పలేదు. అందుకే వైర్‌లెస్ తరంగాల బలాన్ని, ప్రయాణ కాలాన్ని కొలిచి భవనం లోపలే స్థానాన్ని గుర్తించే పరిశోధనలు ప్రపంచమంతటా సాగుతున్నాయి. వాటిలో వాడుతున్న మిల్లీమీటరు తరంగాలను 1890లలోనే కలకత్తాలో పుట్టించి పరీక్షించిన శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్.

1858 నవంబరు 30న, నేటి బంగ్లాదేశ్‌లో ఆయన జన్మించారు. బాల్యంలో రైతుల, జాలరుల పిల్లల సరసన బెంగాలీ బడిలో చదివారు. కేంబ్రిడ్జిలో విద్య ముగించి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులుగా చేరారు. అక్కడ ఆంగ్లేయుల కంటే భారతీయులకు జీతం తక్కువ. ఆ వివక్షకు నిరసనగా బోస్ మూడేళ్లు జీతం ముట్టకుండానే పాఠాలు చెప్పారు. చివరకు ప్రభుత్వం దిగివచ్చి, పూర్తి జీతాన్ని బకాయిలతో సహా చెల్లించింది.

కళాశాలలో తగిన ప్రయోగశాల లేదు. ఒక చిన్న గదిలో, స్థానిక పనివాడి సాయంతో, సొంత ఖర్చుతో పరికరాలు చేయించుకున్నారు. హెర్ట్జ్ వాడిన తరంగాలు పొడవైనవి. వాటిని బల్లపై కాంతిలా మలచడం కష్టం. బోస్ వాటి పొడవును సుమారు 5 మిల్లీమీటర్లకు తగ్గించారు. తరంగాలను ఒక దిశలో పంపేందుకు కొమ్ము ఆకారపు యాంటెన్నాను, పసిగట్టేందుకు గెలీనా స్ఫటికాన్ని వాడారు. కలకత్తా టౌన్ హాలు ప్రదర్శనలో ఆయన పంపిన తరంగాలు గోడలు దాటి గంట మోగించాయి, మందుగుండును పేల్చాయి. 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో తన పరిశోధనను వివరించారు.

విజ్ఞానాన్ని సొమ్ము చేసుకోవడం ఆయనకు ఇష్టం లేదు. మిత్రుల ఒత్తిడిపై స్ఫటిక పరికరానికి 1904లో అమెరికా పేటెంటు లభించినా, దానితో లాభం ఆశించలేదు. అప్పటి లోకం సముద్రాలు దాటే పొడవైన తరంగాల వెంట నడిచింది. బోస్ దృష్టి మొక్కల స్పందనల వైపు మళ్లింది. 1917లో కలకత్తాలో బోస్ పరిశోధన సంస్థను స్థాపించారు. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు.

దూర ప్రయాణానికి పనికిరావని నాడు పక్కనబెట్టిన పొట్టి తరంగాలు, కొద్ది అడుగుల దూరాన్ని కచ్చితంగా కొలవడానికి నేడు అక్కరకు వస్తున్నాయి.