జె. ఆర్. డి. టాటాగారును, చేతులు మారిన విమానములును

ఒక విమానసంస్థను మరియొకరు కొనబోవుచున్నారను వదంతి పుట్టినంతనే ఆ సంస్థ సిబ్బంది యిండ్లలో దీపములు చాల రాత్రివరకు ఆరవు. యంత్రములు మరమ్మతు చేయువాడు మొదలు విమానము నడుపువానివరకు ప్రతివాడును తన జీతమేమగునో, గడచిన సర్వీసు లెక్కకు వచ్చునో రాదో, తనకంటె వెనుక చేరినవాడు తనపై అధికారి యగునేమో యని తర్కించుచుండును. నిజమెరిగినవారు నోరు విప్పరు. ఎరుగనివారే గంటలకొలది చెప్పుచుందురు. మన దేశమున ఇట్టి కలవరము పెద్దయెత్తున చెలరేగిన ప్రతిపర్యాయమును జహంగీర్ రతన్‌జీ దాదాభాయి టాటాగారి పేరు వినవచ్చినది. ఆయన విమానములు నెలకొల్పిన కథ మన పాఠకులలో పెక్కురకు తెలిసినదే. అవి ఆయన చేతినుండి జారిపోయిన కథను ఇచ్చట కొంత విపులముగ చెప్పదలచితిమి. ఏలనన, తన భవిష్యత్తును ఇతరుల నోట వినవలసివచ్చు ఉద్యోగి యనుభవమును యజమానియై యుండియు ఆయన రెండుసార్లు చవిచూచిరి.

టాటాగారు 1904 జులై 29వ తేదీన పారిస్ నగరమున జన్మించిరి. తండ్రి పారసీక వర్తకుడు. తల్లి ఫ్రెంచి వనిత. బాల్యమున వేసవి దినములు ఫ్రాన్సు ఉత్తరతీరమున గడచెడివి. 1909లో ఇంగ్లీషు ఛానలును మొట్టమొదట విమానముపై దాటిన బ్లేరియోకు అచ్చటనే యొక యిల్లుండెను. బాలునికి ఆకాశముపై మనసు పోవుటకు అంతకుమించి వేరు కారణము వెదకనక్కరలేదు. 1929 ఫిబ్రవరి 10వ తేదీన ఆయనకు విమానము నడుపు లైసెన్సు లభించినది. ఈ దేశమున ఇయ్యబడిన లైసెన్సులలో దాని సంఖ్య ఒకటి. మరుసటి యేడు ఆగాఖాన్ బహుమానమునకై ఇండియా ఇంగ్లండుల నడుమ ఒంటరిగ ఎగిరిన పోటీలో, ఎదురుదిశనుండి వచ్చుచున్న ఆస్పీ ఇంజనీరను యువకుడు ఈజిప్టులోని అబూకీరువద్ద స్పార్కుప్లగ్గు లేక నిలిచిపోయియుండగా, టాటాగారు తమయొద్దనున్న దానిని ఇచ్చి సాగనంపిరి. ఆ యువకుడే కొద్ది గంటల తేడాతో గెలిచెను.

నెవిల్ విన్సెంటను ఆంగ్లేయ వైమానికుడు తపాలా విమానముల పథకముతో టాటా సంస్థవారి కడకు వచ్చుటయు, దొరాబ్జీ టాటాగారిని ఒప్పించి 2 లక్షల రూపాయలతో పని మొదలిడుటయు తరువాతి కథ. ప్రభుత్వము సబ్సిడీ ఇయ్యలేదు. 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి.గారు చిన్న పస్‌మాత్ విమానమున కరాచీ నుండి తపాలాసంచులతో బయలుదేరి అహమ్మదాబాదులో దిగిరి. అచ్చట పెట్రోలు ఎడ్లబండిపై వచ్చినది. పిమ్మట బొంబాయిలోని జుహూ చేరిరి. అచ్చటినుండి విన్సెంటుగారు ఆ సంచులను బళ్లారిమీదుగ చెన్నపట్టణమునకు చేర్చిరి. జుహూలో వానకాలమున నేల చిత్తడియై విమానము దిగుటకు వీలుండెడిది కాదు. అప్పుడు మకాము పూనాకు మారెడిది. మొదటి యేడు విమానములు ఎగిరినది 1,60,000 మైళ్లు. ఎక్కిన ప్రయాణికులు 155 మంది. లాభము 60,000 రూపాయలు. గుప్పెడు మందితో నడచిన ఆ సంస్థలో వదంతులకు చోటు లేదు. యజమానియు, మెకానిక్కును ఒక చెట్టునీడనే నిలుచుండిన దినములవి. విన్సెంటుగారు 1942లో, యుద్ధకాలమున, విమానయానములోనే అదృశ్యులైరి.

యుద్ధానంతరము పరిస్థితి మారినది. 1946 జులై 29వ తేదీన టాటా ఎయిర్‌లైన్సు, ఎయిర్ ఇండియా పేరుతో వాటాదారుల కంపెనీ అయినది. సైన్యము వదలిపెట్టిన డకోటా విమానములు చౌకగ దొరకుటచే కొత్త కంపెనీలు పుట్టగొడుగులవలె లేచినవి. మన హైదరాబాదున నిజాం ప్రభుత్వమును టాటా సంస్థయు కలిసి 1945లో స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేసు బేగంపేట కేంద్రముగ పనిచేసెను. ఉన్న ప్రయాణికులు కొద్దిమంది, పంచుకొనువారు చాలమంది. లైసెన్సులు ఇంత విచ్చలవిడిగ ఇయ్యరాదని టాటాగారు పలుమార్లు హెచ్చరించిరి. 1950లో ప్రభుత్వము నియమించిన రాజాధ్యక్ష విచారణసంఘమును కంపెనీలు మితిమీరినవనియే తేల్చినది. మరియొకవైపున 1948లో ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ అనునది ప్రభుత్వమునకు నూటికి 49 వాటాలతో ఏర్పడెను. ఆ యేటి జూన్ 8వ తేదీన మలబార్ ప్రిన్సెస్ అను విమానము బొంబాయినుండి లండనుకు ఎగిరినది. ప్రభుత్వముతో కలిసి నడుచుట టాటాగారికి కొత్త కాదని యిందువలన తెలియగలదు.

కాని 1952 చివరిభాగమున నాటి మంత్రి జగజ్జీవనరాముగారు ఆయనను పిలిపించినప్పుడు జాతీయకరణము చేయవలెనా వద్దా యను ప్రశ్న అప్పటికే ముగిసియున్నది. మిగిలినది నష్టపరిహార ప్రసంగము మాత్రమే. ఇరువది యేండ్లు ఆ రంగమునందు తల నెరసిన మనుష్యునికి నిర్ణయమైన పిమ్మట కబురు చేయుట మర్యాద కాదు. నెహ్రూగారికిని ఆయనకును నడుమ గల స్నేహము ఈ లోపమును మాపలేకపోయెను. జాతీయకరణము తగునా తగదా యను చర్చలో ఇచ్చట దిగబోము. చేసిన తీరును మాత్రమే చెప్పుచున్నాము.

అధినాయకుని గతి యిది కాగా, క్రిందివారి సంగతి యేమి? 1953 ఆగస్టు 1వ తేదీన ఎనిమిది కంపెనీలు—ఎయిర్ ఇండియా, డెక్కన్ ఎయిర్‌వేసు, ఎయిర్‌వేస్ ఇండియా, భారత్, హిమాలయన్, కళింగ, ఇండియన్ నేషనల్, ఎయిర్ సర్వీసెస్ ఆఫ్ ఇండియా—కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్సు కార్పొరేషను అయినవి. ఎయిర్ కార్పొరేషనుల చట్టమున సిబ్బందినిగూర్చి యొక నిబంధన కలదు. 1952 జులై 1వ తేదీకి ముందు చేరి, విలీనమునాటికి కొలువులో నున్నవారు అదే జీతము, అదే హక్కులతో కార్పొరేషను ఉద్యోగులగుదురు. ఇది మేలైన మాటయే. అయినను ఆ తేదీకి వెనుక చేరినవానికి చట్టమిచ్చు భరోసా యేదియు లేదు. ఒక దినము ఆలస్యముగ చేరినవాని బ్రతుకు అధికారుల దయకు విడువబడెను. పైగా ఎనిమిది కంపెనీలకు ఎనిమిది జీతపు పట్టీలు, ఎనిమిది పదవీక్రమములు. వానినన్నిటిని ఒకే వరుసలో పేర్చుట చట్టమున వ్రాసినంత సులభము కాదు. ఆ రాయబారములలో విమానముల వెలకు దొరికిన శ్రద్ధ మనుష్యుల భయములకు దొరకలేదని మా యభిప్రాయము.

టాటాగారు అలిగి యింట కూర్చుండలేదు. విదేశయానము నడుపు ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌కు అధ్యక్షత స్వీకరించి, జీతము తీసికొనక, పాతికేండ్లు దానిని సాకిరి. ప్రయాణము చేసిన ప్రతిసారియు తెరల రంగు, కాఫీ రుచి, స్నానపుగది శుభ్రత మొదలగువానిని గుర్తు వ్రాసికొనివచ్చి సంబంధించినవారికి పంపెడివారు. అధ్యక్షుడు తువ్వాలు మడతలు చూచుట యేమని నవ్వినవారుందురు; ఆ సంస్థకు ప్రపంచమున వచ్చిన మంచిపేరు అట్టి చిన్నపనులపైననే నిలిచినదని మా నమ్మకము. టాటా ఉక్కు కర్మాగారములో 1956లో కార్మికసంఘముతో జరిగిన ఒడంబడిక ఆయన అధ్యక్షతనాటిదే. పనివారికి సంస్థ సంగతులలో భాగము కల్పించిన తొలి యొడంబడికలలో అది యొకటి. కార్మికునికి చెప్పి చేయుట ఆయన పద్ధతి యని దీనివలన గ్రహింపవచ్చును.

అట్టివారికి 1978 ఫిబ్రవరిలో రెండవ దెబ్బ తగిలినది. ఆ యేడు జనవరి 1వ తేదీన ఎంపరర్ అశోకా విమానము బొంబాయివద్ద సముద్రమున కూలి 213 మంది మరణించిన దుఃఖము ఇంకను ఆరలేదు. మొరార్జీ దేశాయి ప్రభుత్వము ఆయనను అధ్యక్షపదవినుండి తొలగించినది. ఈ వార్తను ఆయనకు తెలిపినది ప్రభుత్వ లేఖ కాదు. ఆయన స్థానమునకు నియమితులైన మాజీ వైమానికదళాధిపతి పి. సి. లాల్‌గారు. లేఖ తరువాత వచ్చినది. మేనేజింగు డైరెక్టరు అప్పుస్వామిగారు రాజీనామా ఇచ్చిరి. ఉద్యోగసంఘములు నిరసన తెలిపినవి. యజమాని పోయినందుకు సిబ్బంది చింతించుట అరుదు. ఈ సంఘటనను మేమందుకే విశేషముగ పేర్కొనుచున్నాము. 1980లో ఇందిరాగాంధీగారి ప్రభుత్వము ఆయనను బోర్డులో సభ్యునిగ తిరిగి చేర్చినది గాని అధ్యక్షత ఇయ్యలేదు.

1982 అక్టోబరు 15వ తేదీన, డెబ్బది యెనిమిదవ యేట, కరాచీనుండి బొంబాయికి పాతకాలపు లెపర్డ్‌మాత్ విమానమును ఆయన ఒంటరిగ నడిపించి తొలి తపాలాయానపు అర్ధశతాబ్దిని జరిపిరి. 1992లో భారతరత్న బిరుదము పొందిరి. 1993 నవంబరు 29వ తేదీన జెనీవాలో కన్నుమూసిరి. దేహము పారిస్‌లో నిక్షిప్తమైనది.

ఆయన పోయిన పిమ్మటను ఆ సంస్థలో గుసగుసలు ఆగలేదు. 2007లో ఎయిర్ ఇండియాను ఇండియన్ ఎయిర్‌లైన్సుతో కలిపిరి. 2011లో పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్సు విమానచోదకులు జీతముల సమానత్వమునకై సమ్మె చేసిరి. మరుసటి యేడు పూర్వపు ఎయిర్ ఇండియా చోదకులు, కొత్త డ్రీమ్‌లైనరు విమానములపై శిక్షణ ఎవరికను తగవుతో, 58 దినములు సమ్మె కట్టిరి. 2018లో అమ్మజూపగా కొనువారు రాలేదు. 2021 అక్టోబరు 8వ తేదీన టాటా సంస్థవారి 18,000 కోట్ల రూపాయల బేరము అంగీకరింపబడి, 2022 జనవరి 27వ తేదీన విమానములు పాతయింటికి చేరినవి. ఒక సంవత్సరమువరకు ఎవరిని తొలగింపరాదను షరతు ఒప్పందమున నుండెను. ఆ సంవత్సరము సగము గడవకముందే స్వచ్ఛందవిరమణ పథకము వెలువడినది. బొంబాయి కాలినాలోని కంపెనీ క్వార్టర్లలో కాపురమున్న కుటుంబములు ఎప్పుడు ఖాళీ చేయవలసివచ్చునోయని ఎదురుచూచుచుండెను. 2024 ఏప్రిలులో, టాటావారి సొంత సంస్థయైన విస్తారాను ఎయిర్ ఇండియాతో కలుపు సన్నాహము నడుచుచుండగా, అచ్చటి చోదకులలో పలువురు కొత్త జీతపు పట్టీ చూచి ఒక్కసారిగ అనారోగ్యపు సెలవు పెట్టిరి. పెక్కు విమానములు బయలుదేరలేదు. ఆ యేటి నవంబరు 12వ తేదీన విలీనము పూర్తియైనది.